ఐసుకు చెమట పట్టేదాకా

నమోదు 1

సభవారు ఈసారి ప్రయాణం సంగతులన్నీ రాసి తెమ్మన్నారు కాబట్టి రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. ఉప్పురేవు నుంచి ఎండ్రపాడు పిల్లలకు సూదిమందు తీసుకెళ్ళే బండికి కాపలా దళం పెద్దను. నాకు రాయడం చేతకాదు, కాల్చడం చేతనవును. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఉదయం సభలో లెక్కల పెద్ద త్రిమూర్తులు గారు లేచి మాట్లాడారు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. అందుకే ఆయనంటే నాకు చిరాకు. అరిచేవాళ్ళతో తగాదా పడవచ్చు, నెమ్మదిగా మాట్లాడేవాళ్ళతో కుదరదు.

"కిందటేడు ఈ బండి వెంట వెళ్ళి మన కాపలావాళ్ళు ఏడుగురు చనిపోయారు. ఎండ్రపాడులో కంఠసర్పితో చనిపోయిన పిల్లలు సున్నా. ఆ ముందేడు మనవాళ్ళు ఐదుగురు పోయారు, అప్పుడూ అక్కడ సున్నా. అమ్మా రత్నం, లేని జబ్బు కోసం ఉన్న మనుషుల్ని చంపుకుంటున్నాం. ఇందులో ప్రయోజనం ఏమిటో నువ్వే చెప్పు."

దాచడం దేనికి, ఆయన మాట నాకు నచ్చింది. కంఠసర్పి అంటే పిల్లల గొంతులో తెల్లటి పొర పట్టి ఊపిరాడకుండా చేస్తుందని మా నర్సు కరుణామణి చెబుతూ ఉంటుంది. నా నలభై ఏళ్ళలో ఆ జబ్బు ముఖం చూడలేదు. శవాలు మాత్రం చూశాను. అవన్నీ నా దళం కుర్రాళ్ళవే. వాళ్ళ తల్లుల దగ్గరికి వెళ్ళి కబురు చెప్పేదాన్నీ నేనే.

ఇదే ఆఖరి బండి అని సభ తేల్చేసింది. బయటికి రాగానే నా తమ్ముడు పైడిరాజు నవ్వాడు. వాడు నా దళంలోనే ఉన్నాడు, వద్దన్నా వినడు.

"ఆఖరిదంటే మరింత జాగ్రత్తగా ఎళ్ళాలప్పా. ఆఖర్రోజు సచ్చినోడంత ఎదవ ఇంకోడుండడు."

వాడి నెత్తి మీద ఒకటిచ్చాను. బండి సర్దుకోవడానికి వెళ్ళాం.

నమోదు 2

మా ఎండబండి కప్పు నిండా పలకలే. ఎండ ఉంటే నడుస్తుంది, మబ్బు పడితే మొండికేస్తుంది. సముద్రం పైకొచ్చాక మిగిలినవి ఈ కొండదారులే కాబట్టి ఎండ్రపాడు చేరడానికి మూడు రోజులు. పొద్దెక్కితే బండి ఇనుము చేతికి అంటుకుని చర్మం ఊడొస్తుంది. అలాంటి వేడిలో మందు బతకాలంటే పెట్టెలో ఐసు ఉండాలి. ఆ పలకలతోనే నడిచే చిన్న మిషను ఒకటి బండిలో నాలుగు సంచుల నీళ్ళు గడ్డకట్టిస్తుంది, అంతే.

ఐసు అనగానే పొద్దున్నే నాకూ కరుణామణికీ రోజూ ఉండే గొడవ మొదలవుతుంది. ఆమె ఐసు సంచులు తీసి గుడ్డ మీద పరుస్తుంది. పరిచి కూర్చుంటుంది. సంచి పైన నీళ్ళు పట్టి, ఊపితే లోపల గుడగుడమనేదాకా పెట్టెలో పెట్టనివ్వదు.

"ఐసుకు చెమట పట్టాలి రత్నం. రాయిలాంటి ఐసు ఆనిందంటే మందు గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిందా, ఇక అది మందు కాదు. మళ్ళీ కరిగించినా ఒట్టి నీళ్ళే."

"ఐసుకి సెమట పట్టేలోగా మాకు పట్టేసింది నర్సమ్మా," అన్నాడు పైడిరాజు తుపాకీ తుడుచుకుంటూ. "ఈ రూటులో సల్లగా ఉన్నది ఆ సీసాలొక్కటే. వాటికీ భయవేనా?"

ఆమె వాడికి ఒక సీసా చూపించింది. మందు పలచటి పాలలా ఉంది. ఊపి నిలబెడితే చాలాసేపు అలాగే పాలలా ఉండాలట. గడ్డకట్టి చచ్చిన మందైతే రేణువులు విడిపోయి అడుగున పిండిలా పేరుకుంటాయట. పొద్దున్నే ఒక సీసా ఊపి, వెలుగుకు పెట్టి చూడనిదే ఆమె టీ కూడా తాగదు. నాకు విసుగే గానీ ఈ మనిషి ఉన్నంతకాలం మందు చెడిపోదని ధీమా.

రేపు గుమ్మిలోయ కింద నుంచి వెళ్ళాలి. మా కుర్రాళ్ళందరూ పోయింది అక్కడే. గుమ్మిలోయవాళ్ళు కూడా మాలాగే సముద్రం తరిమితే పైకెక్కినవాళ్ళు. వచ్చేటప్పుడు రొయ్యల కంపెనీ ఐసు మిషను విప్పి, ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చి పైన నిలబెట్టుకున్నారు. ఈ మండే లోకంలో ఊరంతటికీ సరిపడా ఐసు ఉన్నది తమకొక్కరికే అని వాళ్ళకు మహా గర్వం. చుట్టానికి ఐసే, శవానికి ఐసే, పుట్టిన బిడ్డ పెదవికీ ముందు ఐసే తాకిస్తారు.

ఐదేళ్ళ కిందటి వరకు వాళ్ళ పిల్లలకూ మేమే సూదులు వేసేవాళ్ళం. తర్వాత వాళ్ళతో నీళ్ళ తగువు వచ్చింది. శత్రువు బిడ్డను బతికిస్తే మనకొచ్చేదేమిటని త్రిమూర్తులు గారు లెక్క తీసి ఆ లోయను తప్పించారు. మూడేళ్ళ కిందట వాళ్ళు మా బండిని దోచుకుని మందు పెట్టెలు పట్టుకుపోయారు. దోపిడీ అంటే నాకర్థమవుతుంది. ఆ తర్వాత నుంచి వాళ్ళు చేస్తున్నది మాత్రం అర్థం కాదు. పెట్టె తీసుకోరు. మనుషుల్ని చంపి, చేతికందిన సీసాలు కుప్పపోసి తగలబెట్టి పోతారు. మేం కాపాడుకున్నవే ఎండ్రపాడు చేరతాయి.

నమోదు 3

ఇది గుమ్మిలోయలో కూర్చుని రాస్తున్నాను. కాగితాలు లాక్కోలేదు. తుపాకీ లాక్కున్నారు.

మలుపు దగ్గర మా తూనీగ ముందు పడిపోయింది. పైన ఎగురుతూ దారి చూపించే బుల్లి యంత్రం అది. పడిపోయిందంటే ఎవరో కొట్టారన్నమాటే. "దిగండి!" అని అరిచేలోగా మేకులు వచ్చాయి. ఐసు మిషను గాలి తిత్తులతో వాళ్ళు మేకుల తుపాకులు చేసుకున్నారు. చప్పుడుండదు. పక్కనున్నవాడు పడితేనే తెలుస్తుంది.

మొదట మా బండి తోలేవాడు పడ్డాడు. వెనక నుంచి దూకిన ఇద్దరూ నేల తాకకముందే పోయారు. నేను చక్రం చాటు నుంచి కాల్చాను. బండరాయి వెనక తల ఎత్తినవాణ్ణి కొట్టాను. వాడి పక్కవాడు వాణ్ణి లాగబోతుంటే వాణ్ణీ కొట్టాను. ఆ ఇద్దరికీ నేనేమీ బాధపడటం లేదు, సభవారు అలాగే రాసుకోండి.

పైడిరాజు కరుణామణి మీద పడుకుని అడ్డంగా ఉన్నాడు. మేకు వాడి మెడలోంచి దిగి ఆమె భుజంలోకి వెళ్ళింది. ఇద్దర్నీ కలిపి కుట్టేసినట్టయింది. నేను పాకుతూ వెళ్ళి వాడి మెడ అదిమి పట్టుకున్నాను. రక్తం నా వేళ్ళ సందుల్లోంచి ఆగకుండా వచ్చేసింది. వాడేదో జోకు వెయ్యబోయాడు. వాడి ముఖం నాకు తెలుసు, జోకు వేసే ముందు ఎడమ కన్ను చిన్నదవుతుంది. కన్ను చిన్నదయ్యింది, మాట రాలేదు.

నా నోటి మీద తుపాకీ మడమతో కొట్టారు. పళ్ళు రెండు పోయాయి. అప్పుడు చూశాను, ఈసారి వాళ్ళు పెట్టె తగలబెట్టలేదు. జాగ్రత్తగా ఎత్తుకుని పైకి తీసుకెళ్ళారు. వెనకే నన్ను లాక్కుంటూ, స్పృహ లేని కరుణామణిని మోసుకుంటూ తెచ్చారు. తమ్ముణ్ణి దారిలోనే వదిలేశారు.

నమోదు 4

పొడుగాటి రేకుల సావిడిలో నడుము స్తంభానికి కట్టి చేతులు వదిలేశారు. ఎదురుగా కరుణామణిని పడుకోబెట్టారు. ఆమె భుజం వాళ్ళే కట్టారు, బతికే ఉంది.

వాళ్ళ పెద్ద వచ్చాడు. పేరు అసిరయ్య. బక్కగా, నల్లగా, ఎత్తుగా ఉన్నాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మూడేళ్ళ కిందట మీరు మా దారిలో బండి ఒదిలేరు. మేం దోసుకుంతామని తెలిసే ఒదిలేరు. ఆ మందు మా పిల్లలకి పొడిపించేం. మర్సటేడు వానల్లో పద్నాలుగు మంది సచ్చిపోనారు. నాయి రెండు. పెద్దోడు నా ఒళ్ళోనే పోనాడు. దొంగమందెట్టి మా పిల్లల్ని సంపేరు మీరు."

అదా సంగతి అనుకున్నాను. ఇన్నాళ్ళూ నా కుర్రాళ్ళను చంపింది అందుకా!

"దొంగమందు మేమెందుకు పెడతాం?" అన్నాను నోట్లో రక్తం ఉమ్మేసి.

"ఎందుకో నీకే తెల్సు. ఇప్పుడా జబ్బు మళ్ళీ దిగింది. ఈ వారంలో ముగ్గురు పోనారు. అందుకే నిన్నూ నర్సునీ సంపకుండా తెచ్చేను. రేపు ఆవిడ లెగుస్తాది. ముందు నీకు పొడుస్తాది. నువ్వు సావకపోతే మా పిల్లలకి. అందాకా మందు పాడవకూడదు." వెనక్కి తిరిగి అరిచాడు. "పెట్టెలో మందు ఐసుగదిలోకి ఒట్టుకెళ్ళండి. సీసాలు ఐసులో బాగా పాతెట్టండి. ఆ యేడు ఎట్టినట్టే, గట్టిగా!"

ఆ యేడు ఎట్టినట్టే!

మా మందులో ఏ విషమూ లేదు. వీళ్ళు తమ దగ్గరున్నవాటిలో గొప్పదాంట్లో దాన్ని దాచుకున్నారు. వీళ్ళకు ఐసుకన్నా గొప్పది లేదు. మందును ఐసులో పాతిపెట్టి, చంపి, చచ్చిన మందును పిల్లలకు పొడిపించారు. సూది వేయించాం కదా అని నిశ్చింతగా ఉన్నారు. జబ్బొచ్చింది.

ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నేను అనలేదు.

పెట్టు నాయనా, నిండా పెట్టు, గట్టిగా కప్పు అనుకున్నాను. నా తమ్ముడి రక్తం నా వేళ్ళ మీద ఎండిపోయి పొలుసులుగా రాలుతోంది. ఒక్క తూటా ఖర్చు లేకుండా ఈ లోయ మొత్తాన్ని చంపగలను. నోరు మూసుకుంటే చాలు. ఇంత చవకైన పగ ఎవరికి దొరుకుతుంది? త్రిమూర్తులు గారు ఉంటే మెచ్చుకునేవారు.

మొదటి పళ్ళెం సీసాలు ఐసుగదిలోకి వెళ్ళడం చూస్తూ కూర్చున్నాను. రెండో పళ్ళేనికి ఐసు చాలలేదు, మిషను తిరిగి గడ్డలు వచ్చేదాకా ఆగమన్నారు. సగం మందు పెట్టెలోనే ఉండిపోయింది.

నమోదు 5

సాయంత్రం ఒక తల్లి సావిడిలోకి బిడ్డను తెచ్చి చాప మీద పడుకోబెట్టింది. మూడేళ్ళ మగపిల్లవాడు. నర్సు ఉందని విని తెచ్చింది. నర్సుకు స్పృహ లేదు. ఆ తల్లి ఇంకెక్కడికీ పోలేక అక్కడే కూర్చుంది.

నేను ఆ జబ్బును అప్పుడు చూశాను. పిల్లవాడి మెడ వాచి, దవడా భుజమూ కలిసిపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా రంపంతో తడికర్ర కోస్తున్న చప్పుడు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతోంది. తల్లి వాడి నోరు తెరిచి వేలితో ఆ తెల్లటి పొరను గీరబోయింది, రక్తం వచ్చింది. వాడు ఏడవలేదు. ఏడవడానికి గాలి కావాలి కదా. నా వైపే చూస్తున్నాడు. కట్టేసి ఉన్న మనిషిని ఎప్పుడూ చూడలేదేమో.

చీకటి పడేలోగా ఆ చప్పుడు ఆగిపోయింది. తల్లి మాత్రం వాడికి విసురుతూనే ఉంది.

నేను పన్నెండు మంది కుర్రాళ్ళను పాతిపెట్టాను. వాళ్ళు దేనికి చచ్చారో ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ నా దగ్గర జవాబు లేదు. ఎండ్రపాడులో సున్నా అంటే ఏమిటో నాకిప్పుడు తెలిసింది. ఈ చాప అక్కడ ఏ ఇంట్లోనూ పరవలేదన్నమాట. అంతే. అది కంటికి కనపడదు. అందుకే సభలో ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

అప్పుడే ఆరేళ్ళ పిల్ల ఒకర్తె గిన్నెతో వచ్చి నా ముందు నిలబడింది. గిన్నెలో ఐసు గడ్డ. అసిరయ్య కూతురట, మిగిలింది అదొక్కటేనట. పేరు అచ్చి.

"నోరు సూపించు," అంది.

"నేను మీవాళ్ళను ఇద్దర్ని చంపాను, తెలుసా?"

"తెల్సు. ఇంటికొచ్చినోళ్ళకి ఐసు ఎట్టాల." చిరిగిన నా పెదవి మీద గడ్డను అదిమి పట్టుకుంది. దాని చేతివేళ్ళు ఎర్రబడిపోతున్నా తియ్యలేదు.

నేను గావుకేక పెట్టాను. పిల్ల జడుసుకుని గిన్నె పడేసింది. "ఐసులోంచి తియ్యండిరా! ఆ మందు తియ్యండి! అసిరయ్యా!"

అతను కత్తితో పరిగెత్తుకొచ్చాడు. నా జుట్టు పట్టుకుని కత్తి గొంతుకు ఆనించాడు. "ఏటా అరుపు?"

"మీ ఐసే మందును చంపుతోంది. రెండో పళ్ళెం పెట్టకు."

"ఎండకి మురగబెట్టమంతావు. మళ్ళీ మోసవే."

"నమ్మొద్దు. కళ్ళతో చూడు. ఐసులోంచి ఒక సీసా తీసి కరిగించు. పెట్టెలోంచి ఇంకోటి తే. రెండూ ఊపి ఇక్కడ నిలబెట్టు."

ఏమనుకున్నాడో, తెప్పించాడు. ఐసు సీసాను తన గుప్పిట్లోనే పట్టుకుని కరిగించాడు. రెండూ ఒకేసారి ఊపి, దీపం ముందు నేల మీద పెట్టాడు. సావిడిలో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరారు.

పెట్టెలోది పాలలా అలాగే ఉంది. ఐసులోది చూస్తుండగానే విరిగింది. పైన తేట, కింద తెల్లటి పిండి.

"ఆ ఏడాది సీసాలు ఎలా ఉన్నాయి?" అని అడిగాను.

అసిరయ్య విరిగిన సీసాను చేతిలోకి తీసుకున్నాడు.

"అడుగున పిండి ఉందా? చెప్పు. ఐసులో ఎవరు పెట్టారు?"

నాకు తెలిసే అడిగాను. జవాబు అతని ముఖం మీద ఉంది. అతను నా తమ్ముణ్ణి చంపాడు, నాకు దొరికిన కత్తి ఈ ప్రశ్న ఒక్కటే, పిడి వరకూ దించాను.

"పిండి ఉంది," అన్నాడు. "మందు సిక్కనైనదే అనుకున్నాను. నేనే ఎట్టేను. నా సేత్తోనే."

నాకు తృప్తి కలిగింది. నిజమే రాస్తున్నాను. కానీ అది ఆ వాక్యం ముగిసేదాకా కూడా నిలవలేదు. వెనకాల ఒక ముసలామె నోట్లో కొంగు కుక్కుకుంది. అచ్చి వచ్చి తండ్రి వేలు పట్టుకుంది. అతను వేలు విడిపించుకున్నాడు.

నా కట్లు కోసేశాడు. నా తుపాకీ తెప్పించి నా ఒళ్ళో పెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నీ తమ్ముడికి బదులు తీర్సుకో. ఎవులూ అడ్డం రారు."

గొట్టం అతని నుదుటికి ఆనించాను. వేలు మీట మీద ఉంది. ఎవరూ చూడని చోటైతే నేను ఆ మీట నొక్కేసి ఉండేదాన్నేమో, తెలియదు. అప్పుడు జీవితంలో మొదటిసారి లెక్క వేశాను. ఇతన్ని చంపితే నాకు వచ్చేది ఒక శవం. బతికిస్తే దారి. ఈ లోయ దాటి మందు పెట్టె భద్రంగా వెళ్ళే దారి, ఏటా, ఎవరూ చావకుండా.

తుపాకీ తిప్పి మడమతో అతని ముక్కు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది.

"అది నా తమ్ముడికి," అన్నాను. "లే. పెట్టె ఎత్తుకో."

నమోదు 6

పొద్దున్నే కరుణామణి లేచింది. లేవగానే సీసా అడిగింది, ఊపింది, వెలుగుకు పెట్టి చూసింది. కుడిచెయ్యి కదలదు కాబట్టి ఆమె చెబుతుంటే సూదులు నేనే వేశాను. నా చేతులు మొరటువి, పిల్లలు బాగా ఏడ్చారు. ఏడుపు వింటే నాకు హాయిగా అనిపించింది, గొంతులో గాలి ఆడుతోందని కదా అర్థం. ముందు నాకు పొడవమని ఎవరూ అడగలేదు.

ఉన్న సగంలో సగం లోయకు, సగం ఎండ్రపాడుకు. రెండుచోట్లా కొందరు పిల్లలు మిగిలిపోతారు. ఎవరిని వదలాలో నేనే వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. నెల తిరక్కుండా ఇంకో బండి తెస్తానని ఆ తల్లులకు చెప్పాను. సభ ఒప్పుకోకపోతే దోచుకునైనా తెస్తాను, ఇది కూడా సభవారు రాసుకోండి.

ఎండ్రపాడుకు పెట్టెను అసిరయ్య వీపు మీద మోశాడు. ముక్కులోంచి రక్తం కారుతూనే ఉంది, తుడుచుకోలేదు. మలుపు దగ్గర ఆగి, నా తమ్ముణ్ణీ మిగతా ముగ్గుర్నీ పాతిపెట్టడానికి గుంటలు తవ్వాడు. నేను సాయం చెయ్యలేదు. ఐసు తెచ్చి తమ్ముడి ముఖం మీద పెట్టబోయాడు, అది వాళ్ళ మర్యాద. వద్దన్నాను. వాడికి చల్లదనం అంటే నవ్వులాట.

నమోదు 7

ఏడాది గడిచింది. ఆ నెలలోనే బండి తెచ్చాను. త్రిమూర్తులు గారు సంతకం పెట్టేదాకా ఆయన వాకిట్లో తుపాకీతో కూర్చున్నాను. అప్పటినుంచి లోయవాళ్ళే బండికి కాపలా. ఇవాళ మళ్ళీ సభ. అసిరయ్య నా పక్కనే నిలబడ్డాడు, ముక్కు వంకరగానే అతుక్కుంది.

త్రిమూర్తులు గారు నెమ్మదిగా లేచారు. "చాలా సంతోషం. ఈ ఏడాది దారిలో ఒక్కరూ చావలేదు. లోయలో గానీ ఎండ్రపాడులో గానీ ఒక్క బిడ్డా చావలేదు. కాబట్టి జబ్బు పోయింది, గొడవా పోయింది. ఇంకా ఈ బండి దేనికమ్మా రత్నం?"

అసిరయ్య నా వైపు వంగాడు. "కొట్టీనా?"

"వద్దు. బండెక్కించు."

ఎక్కించాం. పెద్దమనిషి తన్నుకున్నాడు, చేతులు కట్టాల్సి వచ్చింది. సభలో అరుపులు, ఎవరో నా మీద కుర్చీ విసిరారు, విసిరినవాడి చెయ్యి విరిచాను. దారి పొడవునా మందు పెట్టె ఆయన ఒళ్ళోనే పెట్టాను. గుమ్మిలోయ చేరాక కట్లు విప్పి, ఐసు మిషను వెనక ఉన్న మట్టిదిబ్బల దగ్గరికి నడిపించాం. అన్నీ చిన్నవే. కొన్నిటి మీద ఆడుకునే బొమ్మలున్నాయి, ఎండకు రంగు వెలిసిపోయాయి.

త్రిమూర్తులు గారు వేలితో దిబ్బలు లెక్కపెట్టారు. తర్వాత అసిరయ్యను అడిగారు. "ఇవన్నీ మేము మిమ్మల్ని తప్పించిన తర్వాతవేనా?"

"అవును," అన్నాడు అసిరయ్య. "సగం మీయి, సగం నాయి. ఏ సగం ఎవులిదో రోజూ పొద్దున్న ఇక్కడికొచ్చి సూసుకుంతాను. ఇంతవరకూ తేలనేదు."